రిజిస్టరులో అడ్డగీత

పార్వతీపురంలో ప్యాసింజరు ఎక్కేసరికి బోగీ నిండుగా ఉంది. విశాఖ నుంచి రాయపూర్ పోయే బండి అది. ఎక్కువమంది రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్తున్నవాళ్ళు. కొబ్బరికాయల సంచులు, చంకల్లో పిల్లలు. కాస్త జరిగి నాకు చోటిచ్చిన పెద్దావిడ, నేను మునిగుడ దాకా వెళ్తున్నానని విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఒక్కదానివే ఎల్తన్నావా అమ్మా? అదంతా అడివంట. అన్నలుంటారంట. అక్కడి నీళ్ళు తాగితే సలిజొరమంట" అంది. మీరెప్పుడైనా అటు వెళ్ళారా అని అడిగాను. "రాయగడ దాటి నానెందుకెల్తాను?" అంది.

రాయగడలో బోగీ ఖాళీ అయిపోయింది. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ముందు రాత్రి నిద్ర లేదు. కళ్ళు మూతలు పడుతున్నా బయటికే చూస్తూ కూర్చున్నాను. మా ఊరు పాలకొండ వైపు. తోటపల్లి దగ్గర నాగావళి నుంచి తీసిన కాలవ మా పొలాలకు నీళ్ళిస్తుంది. ఆ నాగావళీ, దాని పక్క నది వంశధారా రెండూ ఈ కొండల్లోంచే దిగుతాయని బళ్ళో చదువుకున్నాను. వంశధార లంజిగఢ్ దగ్గర పుట్టి, ఈ మునిగుడ ప్రాంతం మీదుగా గుదారి, గుణుపూర్ దాటి ఆంధ్రలో దిగుతుంది, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్ళు ఎవరి ఊళ్ళ మీదుగా వస్తున్నాయో చూడాలని మాత్రం ఇన్నేళ్ళూ నాకు తోచలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ నేలంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోదే, జయపురం జమీ. తర్వాత కోరాపుట్ జిల్లా అయింది. అందులోంచి 1992 అక్టోబరు 2న రాయగడ విడి జిల్లాగా ఏర్పడింది. రాయగడ ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే కుర్రాడు తెలుగులోనే బేరం చేశాడు. తెరుబలి దాటాక తెలుగు వినబడటం తగ్గింది. బిస్సంకటక్ దాటాక బోగీలో మాట్లాడుతున్నది ఒడియానో, కువీనో నాకు తెలియలేదు. కువీ ఈ కొండల్లోని కోదు ఆదివాసుల భాష, మన తెలుగుకు చుట్టం వరసే. వాళ్ళూ ఇల్లుని ఇల్లనే అంటారు. అయినా ఆ ఒక్క మాట తప్ప ఏదీ పట్టుబడలేదు.

మునిగుడలో దిగేసరికి ఎండ ఎక్కింది. చిన్న స్టేషను. బయట ఆటోలు, వాటి వెనక ఎరువుల కొట్లు, మొబైలు కొట్లు, మిఠాయి కొట్లు. అసికా నుంచి జయపురం మీదుగా చింతూరు వైపు పోయే 326వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. లారీల రొద ఎడతెగలేదు. పెద్దావిడ చెప్పిన అడవి ఎక్కడా కనపడలేదు. ఇళ్ళ కప్పుల వెనక, దూరాన, నీలంగా నియమగిరి వరస మాత్రం కనబడింది.

నేను వచ్చింది ఒక రైతు స్త్రీని కలవడానికి. ఆమె గురించి విశాఖలో ఇద్దరు ముగ్గురు మిత్రులు చెప్పారు. "మునిగుడ దగ్గర ఒక కోదు ఆడమనిషి ఉంది. నియమగిరిని తవ్వకుండా ఆపింది ఆవిడే. జడ్జి ఎదుట గంటసేపు మాట్లాడిందట. ఆవిడ పిలిస్తే కొండకొండంతా కదిలి వస్తుందట" అన్నారు. చెప్పినవాళ్ళలో ఎవరూ ఆమెను చూడలేదు. ఆమె పేరూ ఊరి పేరూ రాయనని తర్వాత ఆమెకు మాట ఇచ్చాను.

నియమగిరి కథ చాలామందికి తెలిసిందే. కొండ నెత్తిన 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైటు ఉందని అంచనా. కింద లంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారం కట్టారు. పైన తవ్వకానికి కేంద్ర పర్యావరణ శాఖ 2010 ఆగస్టులో అనుమతి నిరాకరించింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కొండ మీద ఆదివాసులకున్న హక్కులు, వాళ్ళ దేవుడి సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పింది. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 ఊళ్ళలో ఆ ఏడు జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా, నడి వానల్లో, సభలు జరిగాయి. కోర్టు చెప్పిన ప్రకారం జిల్లా జడ్జి హోదా ఉన్నవారు పరిశీలకులుగా కూర్చున్నారు. పన్నెండుకు పన్నెండు ఊళ్ళూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం తుది అనుమతి లేదని తేల్చేసింది.

నాకు దారి చూపించడానికి బజారులో బట్టలు కుట్టే ఒకాయన ఒప్పుకున్నాడు. వాళ్ళ తాత బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బేరాల్లో కువీ. ఆ సాయంత్రం ఆయన కుట్టు కొట్లో కూర్చుని బరా, ఘుగ్ని తింటూ (బరా అంటే మన గారె లాంటిదే, బఠాణీ కూరతో ఇస్తారు) అక్కడివాళ్ళ మాటలు విన్నాను. "ఈ కొండజనానికి రాజకీయం తెల్దమ్మా. ఎవులు కల్లు పోస్తే ఆళ్ళకే ఓటు" అన్నాడు కొట్టాయన. గుడ్డ కొలతలివ్వడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "వాళ్ళు అమాయకులు, బయటివాళ్ళు వచ్చి నూరిపోసిందే అదంతా" అన్నాడు. లాడ్జిలో కుర్రాడైతే "ఆ నానీ మామూలు మనిషి కాదు, ఆఫీసర్లు లేచి నిలబడతారు" అన్నాడు. నానీ అంటే అక్క. మూడు మాటలూ రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆటోలో బయల్దేరాము. రోడ్డుకు రెండు వైపులా నీలగిరి చెట్లు, బారులు తీరి. కాగితం మిల్లులకు పోయే కలప అది. అవి దాటితే పత్తి. కార్తీకమాసం, కాయలు పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. రాయగడ జిల్లా ఇప్పుడు ఒడిశాలో పత్తికి పేరు. విత్తనాలు చాలావరకు మన వైపు నుంచే వస్తాయని కొట్టాయన చెప్పాడు. ఆటో ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణించి గంట నడిచాము. నాకు ఆయాసం వచ్చి రెండుసార్లు కూలబడ్డాను. ఎక్కే కొద్దీ పత్తి పలచబడి చోడి (రాగి) చేలు వచ్చాయి, వాటి మధ్య కంది సాళ్ళు.

ఆమె చేలోనే ఉంది. నలభై ఐదుంటాయేమో. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి చెక్కిన చీర, చేతిలో కొడవలి. చోడి వెన్నులు కోసి నడుముకు కట్టుకున్న ఒడిలో వేసుకుంటోంది. కొట్టాయన "నానీ" అని పిలిచి నా గురించి చెప్పాడు. ఆమె తల ఊపింది, చెయ్యి ఆపలేదు. ఈ సాలు అయ్యాక మాట్లాడదాం అన్నట్టు వేలు చూపించింది. గట్టు మీద కూర్చున్నాము. సాలు అయ్యాక ఇంకో సాలు మొదలుపెట్టింది. లేచి నేనూ వెళ్ళాను. చోడి కొయ్యడం నాకు చేతకాదని ఒక్క నిమిషంలో తెలుసుకుని, కిందున్న పత్తి చేలోకి పంపించింది.

పత్తి తియ్యడం సులువనుకున్నాను. పగిలిన కాయ అంచులు ఎండి ముళ్ళలా ఉంటాయి. దూది లాగిన ప్రతిసారీ గోటి మొదట్లో గుచ్చుకున్నాయి. పావుగంటలో రెండు వేళ్ళు నెత్తురోడాయి. ఆమె దిగి వచ్చి చూసి, తన చీర కొంగు చివర పేలిక చింపి నా వేళ్ళకు చుట్టింది. అప్పుడు చూశాను, ఆమె పది వేళ్ళలో ఆరింటికి అలాంటి పేలికలే ఉన్నాయి. పైన చేనునీ కింద చేనునీ చూపించి ఏదో అంది. "పైది పొట్టకంట, కిందిది అప్పుకంట" అని చెప్పాడు కొట్టాయన.

మధ్యాహ్నం వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మండియా జావ తాగాము. మా ఇంట్లో చోడంబలి ఇదే. ఎండుచేప కాల్చి నూరిన పచ్చడి నంజుకున్నాము. ఆమె అత్తగారు గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది. నుదుటి మీదా చెంపల మీదా పాతకాలపు పచ్చబొట్లు. కోడలికి లేవు. పొట్టకని వేసే ఆ చోళ్ళను ఇప్పుడు సర్కారు కూడా కొంటోంది. ఒడిశాలో 2017లో చిరుధాన్యాల పథకం మొదలైన ఏడు జిల్లాల్లో రాయగడ ఒకటి. మద్దతు ధరకి అమ్మాలంటే పేరు నమోదు కావాలి. నమోదు కావాలంటే భూమి కాగితం కావాలి. ఆమె కథ ఆ కాగితం దగ్గరే మొదలైంది.

కొండవాలు చేను వాళ్ళ మామగారి నాటిది. కాగితం లేదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. భర్త అప్పటికే కూలికి కేరళ పోయి ఉన్నాడు. ధన్‌బాద్ నుంచి అలప్పుళ పోయే రైలు ఈ దారినే వెళ్తుంది. ఈ ఊళ్ళ మగవాళ్ళు చాలామందికి ఆ రైలే తెలుసు. మామగారికి చూపు లేదు. దరఖాస్తు పట్టుకుని ఆమే మునిగుడ నడిచింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఉండాలని చట్టంలో ఉంది. ఆ సంగతి తనకి అప్పుడే తెలిసిందని, తన పేరు కాగితం మీద పడటం అదే మొదటిసారి అనీ చెప్పింది. పట్టా పటం కట్టించి గోడకు తగిలించలేదు. పాలిథీన్ సంచిలో చుట్టి చోడి గాదెలో దాచింది. ఎలక కొట్టకుండా వేపాకు వేసింది.

ఆ తర్వాత ఊళ్ళో సారా అంగడి గొడవ. ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళి కుండలు పగలగొట్టారట. ఎంతమంది అని అడిగితే ఆమె "పదిమంది" అంది. పక్కింటావిడ "యాభై మంది" అంది. అంగడి వీళ్ళ వల్లే మూతపడిందో, బేరం లేక పోయిందో నేను రూఢి చేసుకోలేకపోయాను. కొండ జీలుగు కల్లు మాత్రం ఊళ్ళో ఇప్పటికీ ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు. అది దేవుడికి పెట్టేదట.

2012 ఎన్నికల నుంచి ఒడిశా పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్ళకి ఉన్నాయి. 2017లో ఆమె వార్డు మెంబరయింది. 2022లో నిలబడలేదు. ఎందుకని అడిగాను. ఏదో పెద్ద కారణం వింటాననుకున్నాను. "కూతురి పురుడు" అంది.

అప్పుడు 2013 సంగతి అడిగాను. జడ్జి ఎదుట గంటసేపు ఏం మాట్లాడారు అన్నాను. కొట్టాయన అడిగాడు. ఆమె అతని వంకా నా వంకా చూసింది. తర్వాత చెప్పింది, కొట్టాయన తెలుగు చేశాడు. "నానేటీ మాట్లాడలేదు. అది నా ఊరు కాదు. మా ఊరు ఆ పన్నెండిట్లో లేదు. తెల్లారగట్ల బయల్దేరి, తడుసుకుంటూ ఎల్లేను. ఆ ఊరోళ్ళే లోపల కూకున్నారు. మావందరం ఇవతల నిలబడ్డాం."

మిత్రులు చెప్పిన కథ అక్కడితో పోయింది. నోట్‌బుక్కులో ఆ పేజీ చూసుకుంటూ కాసేపు ఊరుకున్నాను. మరి నిలబడి ఏం చూశారు అని అడిగాను. ఆమె ఉత్సాహంగా చెప్పింది ఈ సంగతే. సభలో జనం తమ మాటలో మాట్లాడారు. ఒకరు దాన్ని ఒడియాలో రాశారు. రాసింది మళ్ళీ గట్టిగా చదివి వినిపించారు. తప్పుంటే జనం ఆపారు. ఆ తర్వాతే వేలిముద్రలు, సంతకాలు. "అప్పటిదాకా మా ఊళ్ళో ముందు ముద్ర ఏసీవోళ్ళం. ఏటి రాసేరో అడిగీవోళ్ళం కాదు. అలా చదివించుకోవచ్చని ఆ వేళే తెలిసింది."

ఒడిశాలో పంచాయతీ మొత్తానికి జరిగేది గ్రామసభ, ఒక్కో ఊరికి జరిగేది పల్లీసభ. అటవీ హక్కుల విషయంలో ఊరి సభదే మాట. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళలో కనీసం సగం మంది రాకపోతే ఆ సభ చెల్లదు. వచ్చినవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఇదంతా నేను పుస్తకంలో చదివాను. ఆమెకు చదువు రాదు, సంతకం వరకే వచ్చు. సగం, మూడో వంతు ఎలా తెలుస్తాయి అని అడిగాను.

లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే చింతపిక్కలు. ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషికొకటి. ఎవరైనా పోతే ఒకటి తీసేస్తారు, పిల్లలకు ఈడొస్తే ఒకటి వేస్తారు, కొత్త కోడలొస్తే ఒకటి వేస్తారు. సభ రోజు ఒక్కొక్కరూ వచ్చి కూర్చుంటుంటే ఒక్కో పిక్క పక్కకు జరుపుతుంది. జరిపిన కుప్ప, మిగిలిన కుప్ప ఎదురెదురుగా జతలు పేరుస్తుంది. మిగిలిన దాంట్లో పిక్కలు ఎక్కువుంటే సభ మొదలవదు. మరి ఆడవాళ్ళ లెక్క? అరుగు మీద పిక్కలతోనే చూపించింది. ఒక ఆడదానికి ఇద్దరు మగాళ్ళు, అంతే. మూడో మగవాడు జత లేకుండా మిగిలాడంటే ఇంకో ఆడమనిషిని పిలుచుకు రావాలి. ఎక్కడి నుంచి? చేలోంచి, పొయ్యి దగ్గర్నుంచి, కట్టెల దారిలోంచి. ఆ పిలుచుకు రావడమే తన పని అంది.

రాజకీయం అన్న మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు. "సభ పని" అంది. కోత పని, కలుపు పని అన్నట్టే. "అదీ పనే, కూలి రాని పని" అంది. సభకి వెళ్ళిన పూట ఆమె చేలో పని ఎవరు చేస్తారని అడిగాను. సారా అంగడి గొడవలో కలిసినవాళ్ళే ఒకరి చేలో ఒకరు సాయం పడతారట. అది మొదట్నించీ లేదు. మొదటి రెండేళ్ళు ఆమె చేలో కలుపు మిగిలిపోయింది, చోళ్ళు సగానికి తగ్గాయి, ఇంట్లో మాటలు పడింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. అంతవరకు నోరు విప్పని అత్తగారు చెప్పింది.

చీకటి పడబోతుండగా ట్రంకు పెట్టె తీసి అటవీ హక్కుల కమిటీ రిజిస్టరు చూపించింది. పది నుంచి పదిహేను మంది కమిటీ, అందులో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు, ఆమె ఒకరు. గళ్ళ అట్ట, మూలలు నలిగాయి. ఒడియా అక్షరాలు నాకు రావు. పేజీలు తిప్పుతూ పోయాను. సంతకాలు కొన్ని, వేలిముద్రలు ఎక్కువ. ఊదారంగు ముద్రల్లో కొన్నింటికి అడ్డంగా తెల్లటి చార. కొడవలి కోసిన గాటు మానితే ముద్రలో అలా పడుతుందట. ప్రతి సభ చివరా ఒక సంగతి గమనించాను. రాత అయిపోయాక ముద్రల దాకా మిగిలిన ఖాళీ జాగాలో, పై మూల నుంచి కింది మూలకు ఒక గీత కొట్టి ఉంది. కొన్నిచోట్ల తిన్నగా, కొన్నిచోట్ల వణుకుతూ. ఇదేమిటని అడిగాను.

"ఆ గీత నాదే. రాసినోడు లేచే ముందర కలం తీసుకుని నానే కొడతాను. కాళీ ఉంటే మనసు ఊరుకోదు" అందని కొట్టాయన చెప్పాడు. ఎవరైనా తర్వాత ఏదైనా చేర్చారా అని అడిగాను. లేదంది. గీత ఉంది కాబట్టి లేదంది.

కొట్టాయన ఆ రిజిస్టరు తీసుకుని దీపం దగ్గర చాలాసేపు చదివాడు. ఆటో దగ్గరికి తిరిగి నడిచేటప్పుడు ఏమీ మాట్లాడలేదు.

బయల్దేరే ముందు ఆమె నన్నొక మాట అడిగింది. మీ ఊరు ఎక్కడ అంది. నాగావళి నీళ్ళతో పండే ఊరు అని చెప్పాను. మీ అమ్మ ఏం చేస్తుంది అంది. వరి చేలో పని చేస్తుంది, రెండు గేదెలున్నాయి అన్నాను. "సభకి ఎల్తదా?" అంది. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "నువ్వెల్తావా?" అంది. ఎప్పుడూ వెళ్ళలేదని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు. నా వేళ్ళకున్న పేలికలు విప్పి, మళ్ళీ బిగించి కట్టింది.

మర్నాడు ఆమెకు మునిగుడలో పనుంది. ఊళ్ళో ముగ్గురి పట్టాల్లో పేర్లు తప్పు పడ్డాయి, సరిచేయించాలి. నేనూ వెంట వెళ్ళాను. చెయ్యాల్సిన అధికారి ఆ పూట జిల్లా మీటింగుకి వెళ్ళారని చెప్పారు. చెట్టు కింద కూర్చున్నాము. రెండు గంటలు దాటాక మరో రోజు రమ్మన్నారు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ కసురుకోనూ లేదు. ఆమె విసుక్కోలేదు. మళ్ళీ ఏ రోజు రావాలో అక్కడున్న గుమస్తా చేత చీటీ మీద రాయించుకుంది. ఆ చీటీ మీద కూడా, రాసిన మాట కింద, ఒక గీత కొట్టింది. రానూపోనూ ఆటో ఖర్చు, ఒక పూట కోత. చేలో చోళ్ళు ముదిరి రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ అదొక్కటే అంది.

బుధవారం చాటికోన సంతకు వెళ్ళాను. బిస్సంకటక్ దగ్గర నియమగిరి అంచున జరిగే సంత అది. డొంగరియా కోదులు కొండ దిగి అరటి, పసుపు, కందులు, పనస, కాలాన్ని బట్టి అనాస తెస్తారు. జుట్టుకు వరసగా పిన్నులు, మెడ నిండా పూసలు, కుట్టుపని చేసిన శాలువాలు. కెమెరాలతో వచ్చినవాళ్ళకు ఒక గైడు చెప్తున్నాడు: "వీళ్ళకు బయటి ప్రపంచంతో సంబంధం లేదు." అతని వెనకే ఒక డొంగరియా పడుచు, ఫోను చెవిన పెట్టుకుని, గంప మీద చెయ్యి తియ్యకుండా, ఎవరితోనో ధర మాట్లాడుతోంది. ఈ సంతకు దగ్గరలోనే ఒక చిన్న పొలంలో వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలను ఏటా విత్తి కాపాడుతున్నారు. నాకు రైలు వేళ దగ్గరపడింది, చూడలేకపోయాను.

తిరుగు రైల్లో అలసటగా ఉన్నా నిద్ర పట్టలేదు. మనకు తెలిసిన రైతు స్త్రీలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. పాలకుర్తిలో నాలుగెకరాల పంట కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ. 1992లో సారా అంగడి మూయించిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 2010లో సోంపేట బీల భూముల కోసం అప్పటి మా శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు. వీళ్ళు ఎదురు తిరిగిన రోజు మనకు తెలుసు. ఆ రోజు కోసం ఎన్ని రోజుల కలుపు మిగిలిపోయిందో, ఎవరి గేదెలు ఎవరు కట్టారో, మర్నాడు ఎవరి చేత ఏ మాటలు పడ్డారో ఎవరూ రాయలేదు. నేనూ మునిగుడకు వెళ్ళింది జడ్జి ఎదుట మాట్లాడిన మనిషి కోసమే. నాకు కనబడింది పిక్కలు లెక్కపెట్టే మనిషి, గీత కొట్టే మనిషి. కొండను ఆపింది ఫలానా ఒక్కరు అని ఇంకెప్పుడూ అనలేను. ఆ పన్నెండు ఊళ్ళలో కోతలూ కలుపులూ ఆపుకుని, వానలో వచ్చి, చివరిదాకా కూర్చుని, చదివించుకుని ముద్ర వేసినవాళ్ళంతా ఆపారు. అందులో పేరు తెలిసినవాళ్ళు కొందరే.

పార్వతీపురం వచ్చేలోగా అమ్మకు ఫోను చేశాను. ఎప్పుడైనా గ్రామసభకి వెళ్ళావా అని అడిగాను. "ఎప్పుడెడతారో నాకెవులు సెప్తారే? సెప్పినా, ఆ యాలప్పుడు గేదెలకి గడ్డెవులు తెస్తారు?" అంది.

చెప్పనక్కరలేదనుకునే మాటే అయినా రాస్తున్నాను. ఇది చదువుతున్న మీకూ ఊళ్ళో ఒక అమ్మో, అత్తో, వదినో ఉండే ఉంటుంది. పంచాయతీ ఆఫీసుకు ఫోను చేసి ఈసారి సభ ఏ రోజో కనుక్కోండి. ఆ పూటకి ఊరు వెళ్ళండి. గడ్డి మీరు కొయ్యండి, గేదెల్ని మీరు కట్టండి, పొయ్యి మీరు చూడండి. ఆవిణ్ణి సభకి పంపండి. రిజిస్టరు చదివించుకునేదాకా లేవొద్దని చెప్పండి.